మూడో పిల్లపిట్ట జవాబు

మన ఇళ్లల్లో విరాసత్ అనే మాట వినపడితే ముందు గుర్తొచ్చేది పొలం పాసుపుస్తకం. దాని వెనకే అన్నదమ్ముల తగాదా. ముస్లిం అస్తిత్వం గురించి తెలుగులో రాయడం మొదలైన దగ్గర్నుంచీ మనవాళ్లు ఈ మాటకు ఇంకో అర్థం కూడా తెచ్చారు. కుతుబ్‌షాహీలూ ఆసఫ్‌జాహీలూ మన తాతలు కారనీ, దూది ఏకిన విల్లూ, సైకిల్ షాపులో గాలిపంపూ, భుజాన మోసిన బట్టల మూటా మన అసలు వారసత్వమనీ గట్టిగా చెప్పారు. ఆ మాటతో మాకు పేచీ లేదు. పేదరికం తండ్రి నుంచి కొడుక్కి ఎట్లా దిగుతుందో, అవమానం తల్లి నుంచి కూతురికి ఎట్లా దిగుతుందో మన కథలూ కవితలూ చూపించాయి. మరి మంచీచెడూ ఎట్లా దిగుతాయి? ఒక తరం ఇంకో తరాన్ని కూచోబెట్టి ‘ఇట్లా బతుకు’ అని ఏ అధికారంతో చెప్తుంది? చెప్తే పిల్లలు ఎందుకు వినాలి? ఈ ప్రశ్న మీద మనం పెద్దగా రాసుకోలేదు. రాసుకున్నవాళ్లు ఎవరా అని వెతికితే మేం యూదుల దగ్గర ఆగిపోయాం.

యూదులా అని ముఖం చిట్లించేవాళ్లు ఉంటారు. మన ఇళ్లల్లోకి ఆ మాట రెండే దారుల్లో వస్తుంది. ఒకటి శుక్రవారం ఖుత్బా, రెండోది పేపర్లో యుద్ధం వార్త. సెక్యులర్ మిత్రుల ఇళ్లల్లోకి ఇంకో రెండు దారులున్నాయి, బైబిలూ హిట్లరూ. ఈ నాలుగు దారుల్లో ఏ ఒక్కటీ యూదుల వంటింటి దాకా, పడకగది దాకా పోదు. తండ్రి కొడుకుని ఎట్లా తిట్టాడో, తల్లి రాత్రిళ్లు నిద్రపట్టక ఏం రాసుకుందో చెప్పదు. అది తెలిశాక పాలస్తీనా సంగతి మాట్లాడుకోవడం ఇంకా కష్టమవుతుంది. కష్టమైనా మాట్లాడదాం, మాట తప్పించబోం.

యూదుల్లో ‘త్సవాఆ’ అనే రచనారూపం ఒకటి ఉంది. ఆ మాట వినగానే మనకు వసీయత్ గుర్తొస్తే వింత లేదు. హిబ్రూ, అరబీ ఒకే కుటుంబం భాషలు. మన వసీయత్ ఎక్కువగా ఆస్తి లెక్క. షరియత్ ప్రకారం మూడో వంతుకి మించి ఇష్టమొచ్చినట్టు రాయడానికి లేదు, మిగిలింది వాటాల ప్రకారం పోవాల్సిందే. త్సవాఆలో ఆస్తి మాట అసలు ఉండకపోవచ్చు. పోయేముందు, లేదా పోవడానికి చాలా ఏళ్ల ముందే, తల్లిదండ్రులు పిల్లల కోసం రాసిపెట్టే నడవడి పత్రం అది. మధ్యయుగాల నుంచీ ఇట్లాంటివి వందల ఏళ్లపాటు రాశారు. ఇజ్రాయెల్ అబ్రహామ్స్ అనే ఇంగ్లండు పండితుడు వాటిలో కొన్నిటిని ఏరి, ఒక పేజీలో హిబ్రూ మూలం, ఎదుటి పేజీలో ఇంగ్లీషు అనువాదం పెట్టి 1926లో రెండు సంపుటాలుగా తెచ్చాడు. మా పరిచయం ఆ సంపుటాలతోనే.

మూలం వెతికితే ఇది మనకు కొత్తదేమీ కాదు. మరణశయ్య మీద యాకూబ్ ప్రవక్త కొడుకుల్ని చుట్టూ కూచోబెట్టుకుని, నా తర్వాత ఎవర్ని ఆరాధిస్తారని అడిగిన సంగతి ఖురాన్‌లో ఉంది. అదే సన్నివేశం తోరాలో ఇంకో రకంగా ఉంది. అక్కడ యాకోబు ఒక్కో కొడుకునీ పేరు పెట్టి పిలిచి ఉన్నమాట మొహానే చెప్తాడు. పెద్దవాడికి నిలకడ లేదంటాడు. ఇంకో ఇద్దరి కోపాన్ని శపిస్తాడు. ఖురాన్‌లోనే లుక్మాన్ కొడుక్కి చెప్పిన బుద్ధులు ఉన్నాయి, నేల మీద విర్రవీగుతూ నడవొద్దని, గొంతు తగ్గించుకొమ్మని. కొన్ని తఫ్సీర్లలో లుక్మాన్ హబ్షీ బానిస. కొడుక్కి ఇవ్వడానికి జానెడు భూమి లేనివాడు. అయినా మన ఖుత్బాల్లో లుక్మాన్ హకీముడిగా వినపడినంతగా బానిసగా వినపడడు. ఇది పక్కదారి, మళ్లీ అసలు సంగతికి వద్దాం.

ఆ సంపుటాల్లో మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ కుదిపింది పన్నెండో శతాబ్దపు యూదా ఇబ్న్ తిబ్బన్ తన కొడుకు సమూయేల్‌కి రాసిన వసీయత్. ఈయన పుట్టింది గ్రనాడాలో, 1120 ప్రాంతంలో. అల్-మువహ్హిదూన్ల రాజ్యం వచ్చి అండలూసియాలో యూదుల బతుకు దుర్భరమైన కాలంలో ఊరొదిలి దక్షిణ ఫ్రాన్సులో లూనెల్ అనే ఊరు చేరాడు. వృత్తి వైద్యం. పేరు తెచ్చింది మాత్రం అనువాదం. అరబీలో యూదులు రాసిన గ్రంథాల్ని, అరబీ రాని ఫ్రాన్సు యూదుల కోసం హిబ్రూలోకి తెచ్చాడు. సూఫీల ప్రభావం బాగా ఉన్న బహ్యా ఇబ్న్ పకూదా పుస్తకం ‘హృదయ విధులు’ ఆయన చేతి మీదుగానే హిబ్రూలోకి వచ్చింది.

మహాపండితుడి వసీయత్ కదా అని గంభీరమైన తత్వం కోసం చూస్తే అక్కడ కనపడేది ఒక సణుగుడు తండ్రి. నీ చదువుకి ఎంత ఖర్చుపెట్టానో తెలుసా, ఎంత దూరం నుంచి పంతుళ్లని పిలిపించానో తెలుసా, అరబీ రాత మొదలుపెట్టి ఏడేళ్లు దాటింది, బతిమాలినా నేర్చుకోవు, నీ దస్తూరీ బాగాలేదు, రాసిన ఉత్తరం నాకు చూపించకుండా పంపుతావు. ఇట్లా పోతుంది వరస. చదువుతుంటే మాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత కొంచెం భయమేసింది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆ గొంతు, మన మొహల్లాల్లో పదో తరగతి ఫలితాల రోజు వినపడే గొంతు ఒకటే. పిల్లవాణ్ణి పెంచిన ప్రతి రూపాయినీ లెక్కరాసి చూపించే తండ్రి ప్రేమ అది. ప్రేమ కాదనలేం, ఒప్పుకోనూ లేం.

అయితే అదే సణుగుడు మధ్యలో ఇబ్న్ తిబ్బన్ కొడుక్కి తన గ్రంథాలయాన్ని అప్పజెప్తాడు. ఇక్కడ ఆయన స్వరం మారిపోతుంది. ఏ అరలో ఏ పుస్తకాలున్నాయో చీటీ రాసి ఆ అరలోనే పెట్టు. బీరువాలకి తెరలు కట్టు. పైనుంచి నీళ్లు కారకుండా, కిందనుంచి ఎలకలు రాకుండా చూసుకో. హిబ్రూ పుస్తకాల్ని నెలనెలా అమావాస్య వెళ్లిన తొలి నెలవంకకి తిరగేసి చూడు, అరబీ పుస్తకాల్ని రెండు నెలలకోసారి. కొనుక్కోలేనివాడు అడిగితే పుస్తకం లేదనకు, కానీ ఇచ్చేముందు రాసుకో, తిరిగొచ్చాక కొట్టెయ్. పెద్ద పండగలప్పుడు బయటున్న పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించు. వైద్యం గురించీ ఇంతే వివరంగా చెప్తాడు. ఉన్నవాడి దగ్గర డబ్బు తీసుకో, లేనివాడికి ఊరికే చూడు, నీకు తెలియని మందు ఎవరికీ ఇవ్వకు.

మా దృష్టిలో ఈ వసీయత్ గొప్పదనం ఇక్కడుంది. మంచివాడిగా ఉండు అని చెప్పి ఊరుకోడు. మంచితనం చేతికి అందేంత చిన్న పనులుగా విడిపోయి కనపడుతుంది. తెర, చీటీ, ఎలక, నెలవంక. నైతిక వారసత్వం అనే పెద్ద మాట ఒక ఇంట్లో ఆచరణలో ఎట్లా ఉంటుందని ఎవరైనా అడిగితే మేం ఈ పేజీలు చూపిస్తాం. లోపం లేకపోలేదు. ఆ పేజీల నిండా ఎదురుగా కూచున్నది కొడుకే. ఆ పుస్తకాల తెరలు కట్టే చేతులు, దుమ్ము దులిపే చేతులు ఎవరివో ఆయనకి తట్టినట్టు లేదు. భార్యని గౌరవించమని చెప్తాడు, మంచిదే. భార్యకి చదవడం వస్తే ఏ పుస్తకం ఇవ్వాలో చెప్పడు.

ఇంకో సంగతి మమ్మల్ని వెంటాడింది. ముస్లిం పాలకుల కింద బతకలేక ఊరొదిలినవాడు కొడుకుని అరబీ నేర్చుకోమని ఎందుకంతగా సతాయిస్తాడు? శత్రువు భాష అని వదిలెయ్యొచ్చు కదా. గ్రనాడాలోనే యూదుడై ఉండి ముస్లిం రాజుల దగ్గర వజీరు స్థాయికి ఎదిగిన సమూయేల్ హనగీద్‌ని ఉదాహరణగా చూపిస్తాడు, అరబీ రాత వల్లే అంత ఎత్తుకి వెళ్లాడని. అంటే లౌకికమైన లెక్క కొంత ఉంది. అది ఒక్కటే అయితే అరబీ వచ్చి ప్రయోజనం లేని ఫ్రాన్సు పల్లెలో కూచుని ఈ గోల ఎందుకు? తన జాతి ఆలోచించిన భాషల్లో అరబీ ఒకటని ఆయనకి తెలుసు. పాలకులు వేరు, భాష వేరు అనే వివేకం ఆయనకి ఉంది. ఉర్దూని ఒక మతానికి కట్టేసి, తెలుగుని ఇంకో మతానికి కట్టేసి కూచున్న మన పండితులకి, మన మౌల్వీలకి కూడా, ఈ వివేకం అరువుగానైనా కావాలి.

కొడుకు విన్నాడా? విన్నాడు, తన పద్ధతిలో. యూదుల మహా తాత్వికుడు మైమోనిదెస్ కూడా అండలూసియా వదిలి వెళ్లినవాడే, కైరోలో సలాహుద్దీన్ వజీరు దగ్గర వైద్యుడు. ఆయన తన గ్రంథం ‘దిక్కుతోచనివారికి మార్గదర్శి’ని అరబీ భాషలో, హిబ్రూ లిపిలో రాశాడు. దాన్ని 1204లో హిబ్రూలోకి తెచ్చింది ఈ సమూయేలే, ఏడేళ్లయినా అరబీ రాత రాలేదని తండ్రి తిట్టిన ఆ కొడుకే. అరబీ మాట్లాడని చోట పెరిగీ ఇంత అరబీ ఎట్లా వచ్చిందని మైమోనిదెస్ ఉత్తరంలో ఆశ్చర్యపోయాడు. అదే ఉత్తరంలో అల్-ఫారాబీని చదవమన్నాడు, అరిస్టాటిల్ అర్థం కావాలంటే ఇబ్న్ రుష్ద్ వ్యాఖ్యానాలు దగ్గర పెట్టుకోమన్నాడు. సమూయేల్ కొడుకు మోషే ఇబ్న్ తిబ్బన్ ఆ ఇబ్న్ రుష్ద్ వ్యాఖ్యానాల్ని ఒక్కొక్కటిగా అనువదించుకుంటూ పోయాడు. తాత మొదలుపెట్టిన పని మనవడిదాకా వచ్చింది.

ముస్లిం పాఠకుడు ఇక్కడ కాసేపు ఆగాలి. 1195లో కొర్దోవాలో ఇబ్న్ రుష్ద్ పుస్తకాలు తగలబెట్టారు, ఆయన్ని ఊరి నుంచి వెళ్లగొట్టారు. అరబీలో తప్పిపోయిన ఆయన రచనలు కొన్ని హిబ్రూలో బతికాయి. ప్లేటో ‘రిపబ్లిక్’ మీద ఆయన రాసిన వ్యాఖ్యానానికి అరబీ మూలం దొరకలేదు. పద్నాలుగో శతాబ్దంలో మార్సెయ్ ఊరి యూదుడొకడు చేసిన హిబ్రూ అనువాదం దొరికింది. దాన్ని పట్టుకుని 1998లో బేరూత్‌లో ఆ పుస్తకాన్ని తిరిగి అరబీలోకి తెచ్చారు. మన ఇంట్లో కాలిపోయిన కాగితం పొరుగింటి బీరువాలో దొరికిందన్నమాట. ఇట్లాంటిది తెలుగులో మనకీ ఉంది. ఖురాన్‌ని మొట్టమొదట తెలుగులోకి తెచ్చింది చిలుకూరి నారాయణరావు గారు. ఏ వారసత్వమైనా రక్తసంబంధీకుల చేతుల్లోనే భద్రంగా ఉంటుందని నమ్మేవాళ్లు ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

పండితుల వసీయత్‌లే కాదు, మామూలు మనిషి వసీయత్ కూడా ఒకటి మాకు నచ్చింది. జర్మనీలో మైంజ్ ఊరి ఎలియాజర్, 1357లో పోయాడు. ఆయన జీవితకాలంలోనే, 1349లో, ప్లేగు తెచ్చింది యూదులేనన్న నింద మీద మైంజ్ యూదుల్ని ఊచకోత కోశారు. ఎలియాజర్ పిల్లలతో చెప్పేవి చిన్నచిన్న మాటలు. పొద్దునా సాయంత్రం ప్రార్థనకు వెళ్లండి. యూదులతోనూ ఇతరులతోనూ వ్యాపారంలో నిజాయితీగా ఉండండి. బిచ్చమెత్తి అయినా సరే మగపిల్లలకీ ఆడపిల్లలకీ చదువు చెప్పించండి. ఇబ్న్ తిబ్బన్ పేజీల్లో దొరకని ఆడపిల్ల ఈ మామూలు మనిషి వాక్యంలో దొరికింది. చివరికి తన ఖననం గురించి చెప్తూ, తండ్రి కుడిపక్కన పడుకోబెట్టమంటాడు. అక్కడ చోటు ఇరుకైతే, తండ్రికి తన మీదున్న ప్రేమకి కాస్త జరిగి చోటిస్తాడని నమ్మకమట. ఖబరస్తాన్‌లో జాగా కోసం మున్సిపాలిటీ చుట్టూ తిరిగే మనకి ఈ మాట ఊరికే కంటనీరు తెప్పించదు.

ఇవన్నీ తండ్రుల మాటలు. హుకుం స్వరం. దానికి ఎదురు నిలిచే రచన ఒక తల్లిది. అది వసీయత్ కాదు, మేం వసీయత్‌లన్నిటికన్నా పైన పెట్టేది దాన్నే.

హామెల్న్ గ్లూకెల్ 1640ల్లో జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టింది. పద్నాలుగేళ్లకే పెళ్లి. భర్తతో కలిసి బంగారం, ముత్యాల వ్యాపారం చేసింది. పన్నెండుమంది పిల్లల్ని పెంచింది. 1689లో భర్త పోయాడు. రాత్రిళ్లు దిగులుతో నిద్రపట్టక 1691లో రాయడం మొదలుపెట్టింది, పిల్లలు తమ మూలాలు తెలుసుకుంటారని. పండితుల హిబ్రూలో కాదు, ఇంట్లో మాట్లాడుకునే యిడ్డిష్‌లో. యిడ్డిష్‌ని అప్పట్లో పండితులు ఆడవాళ్ల భాషగా చిన్నచూపు చూసేవాళ్లు. దూదేకుల ఇళ్ల తెలుగునీ దక్కనీ ఉర్దూనీ చూసినట్టే. ఆమె మొదట్లోనే చెప్పేస్తుంది, నేను నీతి గ్రంథం రాయడం లేదు, అది నా వల్ల కాదు, దానికి పెద్దలున్నారు అని. అట్లా తప్పుకుని కథల్లోకి దిగుతుంది. అప్పులు, పెళ్లి సంబంధాలు, దారిదోపిడీలు, దివాళాలు, చచ్చిపోయిన పసిబిడ్డలు. నీతి ఎక్కడా విడిగా ఉండదు, లెక్కల పక్కనే ఉంటుంది.

మొదటి భాగంలోనే ఒక పిట్ట కథ చెప్తుంది. తుఫానులో తండ్రిపిట్ట తన మూడు పిల్లల్ని ఒక్కొక్కదాన్నే కాళ్లతో పట్టుకుని సముద్రం దాటిస్తుంటుంది. సగం దూరం వెళ్లాక మొదటి పిల్లని అడుగుతుంది, నీ కోసం ఇంత కష్టపడుతున్నానే, నేను ముసలైతే నువ్విట్లాగే నన్ను మోస్తావా అని. మోస్తాను నాన్నా, నువ్వు చెప్పిందల్లా చేస్తాను అంటుంది పిల్ల. అబద్ధాలకోరువి అని సముద్రంలో వదిలేస్తుంది తండ్రి. రెండోదీ అదే జవాబు చెప్పి అదే గతి పడుతుంది. మూడో పిల్ల అంటుంది, నువ్వు ముసలయ్యేసరికి నిన్ను మోస్తానని ఇప్పుడు మాటివ్వలేను నాన్నా, నాకు పిల్లలు పుడితే మాత్రం నువ్వు నాకు చేసినట్టే వాళ్లకి చేస్తాను. ఆ పిల్లని తండ్రి ఒడ్డుకి చేర్చింది.

ఈ కథని తల్లి పిల్లలకి చెప్తోందని మరిచిపోకూడదు. మీ నుంచి నాకేమీ రాదని నాకు తెలుసు అంటోంది. మన సంస్కృతిలో, ఆ మాటకొస్తే తెలుగువాళ్లందరి సంస్కృతిలో, ఈ మాట తల్లి నోట రావడం కష్టం. మా బడిపుస్తకాల్లో శ్రవణకుమారుడు కావడి మోస్తూనే ఉంటాడు. గ్లూకెల్ ఆ కావడిని దించేసింది. రుణం వెనక్కి తీర్చేది కాదు, ముందుకి తీర్చేది. ఇబ్న్ తిబ్బన్ ఖర్చుల పద్దు అంతా మూడో పిల్లపిట్ట ఒక్క జవాబుతో కొట్టేసినట్టయింది. మాకు ఈ కథలో ఒప్పుకోలేనిది కూడా ఉంది. నిజం చెప్పలేకపోయిన రెండు పసికూనల్ని ముంచేసిన తండ్రి ఏం తండ్రి? భయంతో పిల్లలు అబద్ధమాడతారు. అది పిల్లల తప్పు కంటే అడిగినవాడి తప్పు. గ్లూకెల్ దాని గురించి ఒక్క మాట అనదు. బహుశా చాలామంది పిల్లల తల్లికి ముగ్గురిలో ఒక్కరు ఒడ్డుకి చేరడం మరీ వింతగా తోచి ఉండదు.

ఆశ కూడా వారసత్వమే అని చెప్పే ఘట్టం ఒకటుంది ఆమె పుస్తకంలో. 1665లో సబ్బతాయ్ జెవి అనేవాడు తానే మసీహానని ప్రకటించుకుంటే యూరప్ యూదులంతా ఊగిపోయారు. గ్లూకెల్ మామగారు ఇల్లూవాకిలీ వదిలేసి, పవిత్రభూమికి ప్రయాణం కోసం ఎండు బఠాణీలు, చిక్కుడు గింజలు, ఎండు మాంసం, బట్టలు రెండు పీపాల్లో నింపి హాంబర్గ్‌కి పంపాడు. 1666లో ఆ మసీహా ఉస్మానియా సుల్తాన్ ముందు ఇస్లాం స్వీకరించి ఊరుకున్నాడు. పీపాలు మాత్రం ఏళ్ల తరబడి గ్లూకెల్ ఇంట్లో అట్లాగే పడున్నాయి, కబురు ఇవాళ రేపు వస్తుందని. ఆమె దీన్ని వెక్కిరించదు. ఏడవదు కూడా. పీపాలో ఏమేం ఉన్నాయో రాస్తుంది.

గ్లూకెల్ రాసిన మూలప్రతి మిగల్లేదు. కొడుకు మోషే చేతిరాతతో తీసుకున్న నకలు మిగిలింది. దాని ఆధారంగా డేవిడ్ కౌఫ్‌మాన్ 1896లో అచ్చువేశాడు. 1910లో జర్మన్‌లోకి పూర్తిగా అనువదించింది బెర్తా పాపెన్‌హైమ్. మనోవిశ్లేషణ చరిత్రలో ‘అన్నా ఓ’ అనే రోగిగా అందరూ చెప్పుకునే మనిషి ఈమే. యూదు స్త్రీల సంఘం పెట్టింది, పెళ్లికాని తల్లుల కోసం, దిక్కులేని పిల్లల కోసం ఒక ఇల్లు నడిపింది. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. గ్లూకెల్ కాలపు దుస్తులేసుకుని బొమ్మ గీయించుకుంది. ఒక తల్లి పిల్లలకని రాసింది పిల్లలు లేని స్త్రీకి వారసత్వమైంది.

వారసులే మిగలరని తెలిసి రాసినవాళ్లు కూడా ఉన్నారు. వార్సా ఘెట్టోలో ఇమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు, ఆయన మిత్రులూ ఘెట్టో బతుకునంతా రహస్యంగా సేకరించి రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి పూడ్చారు. రేషన్ చీట్లు, బడి పిల్లల వ్యాసాలు, ట్రామ్ టికెట్లు, ఆకలి చావుల లెక్కలు. దాచినవాళ్లలో చాలామంది చనిపోయారు, రింగెల్‌బ్లూమ్‌ని 1944లో చంపారు. పెట్టెలు 1946లో, పాల క్యాన్లు 1950లో బయటపడ్డాయి. ఈ వసీయత్ ఏ కొడుక్కీ రాసింది కాదు. తవ్వితీసిన ఎవరికైనా రాసింది.

ఇప్పుడు ఆ కష్టమైన సంగతి. యూదుల పస్కా పండగ రాత్రి ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూచుంటారు. అందర్లోకి చిన్నవాడు లేచి, ఈ రాత్రికి ప్రత్యేకత ఏమిటని అడగాలి. అడిగితేనే పెద్దలు జవాబు మొదలుపెట్టాలి. ఫిరౌన్ కింద మనం బానిసలం అని మొదలవుతుంది ఆ కథ. ప్రతి తరంలో ప్రతి మనిషీ తానే ఈజిప్టు నుంచి బయటపడ్డట్టు అనుకోవాలనేది నియమం. దానితో ముడిపడిన ఆజ్ఞ తోరాలో ఉంది, పరాయివాణ్ణి పీడించొద్దు, మీరూ ఒకప్పుడు పరాయివాళ్లే అని. ఈ హెచ్చరిక ముప్ఫై ఆరు చోట్ల ఉందని, కొందరి లెక్కలో నలభై ఆరు చోట్ల అని తల్మూద్ చెప్తుంది. మూడువేల ఏళ్లుగా ఈ జాతి తన పిల్లలకి అప్పజెప్పిన నైతిక వారసత్వాన్ని ఒక్క ముక్కలో చెప్పమంటే మేం ఈ ముక్కే చెప్తాం.

ఆ ముక్కకి రెండు సగాలున్నాయి. మేం బానిసలం అనేది ఒకటి, కాబట్టి పరాయివాణ్ణి పీడించం అనేది రెండోది. ఇజ్రాయెల్ రాజ్యం మొదటి సగాన్ని రాజముద్రగా చేసుకుని రెండో సగాన్ని చింపేసింది. 1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు పోగొట్టుకున్నారు. వాళ్ల పిల్లలు, మనవలు ఆ ఇళ్ల తాళంచెవులు గోడలకి వేలాడదీసుకున్నారు. అదీ వారసత్వమే. 1492లో స్పెయిన్ నుంచి గెంటేసిన యూదుల కుటుంబాల్లో కూడా ఇట్లాంటి తాళంచెవుల కథలే తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ యూదుల వారసులు పౌరసత్వం అడగొచ్చని స్పెయిన్ 2015లో చట్టం చేసింది. మంచి పని. అదే స్పెయిన్ 1609 నుంచి గెంటేసిన మోరిస్కోల, అంటే బలవంతంగా క్రైస్తవం పుచ్చుకున్న ముస్లింల, వారసులకి ఆ చట్టంలో చోటు లేదు. ఎవరి తాళంచెవి చెల్లుతుందో, ఎవరిది చెల్లదో రాజ్యాలే నిర్ణయిస్తున్నాయి. 2023 అక్టోబర్‌లో హమాస్ దాడిలో పన్నెండువందల మంది దాకా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మామూలు జనం. దానిని మేం సమర్థించం. ఆ తర్వాత గాజాలో ఇజ్రాయెల్ సైన్యం చేతిలో పదుల వేలమంది చచ్చిపోయారు, పసిపిల్లలతో సహా. ఆ పిల్లలు చచ్చింది ఒకప్పటి యూదుల దుఃఖం పేరు చెప్పి.

ఇక్కడ ఆగిపోతే మన ఖుత్బా మాటే అవుతుంది. చింపేసిన ఆ సగాన్ని పట్టుకుని నిలబడ్డవాళ్లు ఆ సంప్రదాయం లోపలే ఉన్నారు. యెషయాహు లైబోవిట్జ్ నియమం తప్పకుండా ప్రార్థన చేసే ఛాందస యూదుడు, జెరూసలేంలో ఉండేవాడు. 1967 యుద్ధం గెలిచి దేశమంతా సంబరపడుతున్న రోజుల నుంచే, ఆక్రమించిన ప్రాంతాలు వదిలెయ్యండి, లేకపోతే ఈ రాజ్యం లోపల్నుంచి కుళ్లిపోతుందని అన్నాడు. ఆక్రమిత ప్రాంతాల్లో పనిచెయ్యమని సైనికులు తిరస్కరించాలన్నాడు. 1993లో దేశపు అత్యున్నత పురస్కారం ప్రకటిస్తే పెద్ద గొడవైంది, తనే వద్దనుకున్నాడు. మరుసటి ఏడు పోయాడు. 2023 అక్టోబర్ 27న, శుక్రవారం సాయంత్రం, సబ్బాత్ వేళ, న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్ నిండా యూదులు కూచుని గాజా మీద యుద్ధం ఆపమన్నారు. వందలమందిని అరెస్టు చేశారు. మూడో పిల్లపిట్టలు వీళ్లు. తండ్రి చెప్పిందల్లా చేస్తామని మాటిచ్చినవాళ్లు కారు. తండ్రులు చేసిన మంచిని ముందుకి మోసినవాళ్లు.

మన సమాజంలో ఇట్లాంటి మనిషి లేస్తే ఏమంటాం? తలాక్ గురించో, వరకట్నం గురించో, మనలోని అష్రాఫ్-అజ్లాఫ్ తేడా గురించో మాట్లాడిన మన రచయిత్రుల్నీ రచయితల్నీ ఏమన్నామో అందరికీ తెలుసు. బయట బాబ్రీ మసీదు కూలింది, లోపలి సంగతులు ఇప్పుడెందుకు అన్నాం. పస్కా బల్ల దగ్గర చెప్పే కథలో నలుగురు కొడుకులుంటారు. అందులో ఒకడు దుష్టుడు, ఇదంతా మీకెందుకు అని ఎదురడిగేవాడు. వాడికి కటువుగానే జవాబు చెప్తారు. వాణ్ణి బల్ల దగ్గర్నుంచి మాత్రం లేపరు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులు, తాము ఇజ్రాయెల్ తప్పిపోయిన తెగల్లో ఎఫ్రాయిము సంతతివాళ్లమని చెప్పుకుని ఇరవయ్యో శతాబ్దం చివర నుంచీ యూదు ఆచారం పాటిస్తున్నారు. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ల మీద 2013లో ఇంగ్లీషులో పుస్తకమే రాశారు. వాళ్లు నిజంగా ఆ వంశమేనా అని నిరూపణ అడిగేవాళ్లు అడగనీ. కులం అంటగట్టిన వారసత్వాన్ని కాదని, బానిసత్వం నుంచి బయటపడ్డ జనం కథని మా కథ అని తీసుకోవడం మాకు మాత్రం అర్థమవుతుంది. దూది ఏకినవాళ్ల తాతలూ ఎప్పుడో ఒకనాడు అట్లా ఒక కథని తీసుకున్నవాళ్లే.

మరి మన త్సవాఆలు ఎక్కడున్నాయి? ఉన్నాయి. నానీమాల ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. నిఖానామాల వెనక రాసుకున్న లెక్కలు, మెహర్ ఇంకా బాకీ ఉందన్న చీటీలు, గల్ఫ్‌కి పోయిన కొడుక్కి రాసి పోస్టు చెయ్యని ఉత్తరాలు, బిడ్డల పుట్టిన తేదీలు రాసిన బైండు నోటుబుక్కులు. ఉర్దూ ఉన్న ఇళ్లల్లో ఇవి చాలామటుకు ఉర్దూ లిపిలో ఉన్నాయి. ఆ ఇళ్ల మనవలూ మనవరాళ్లూ తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివారు. నానీమా దస్తూరీ వాళ్లకి బొమ్మగీతల్లా కనపడుతుంది. రెండు లిపులూ చదవగలిగినవాళ్లు ఒక్కో మొహల్లాలో ఇద్దరో ముగ్గురో. వాళ్లూ యాభై దాటినవాళ్లే. తెలుగే అమ్మభాష అయిన దూదేకుల ఇళ్లల్లో కాగితమే తక్కువ, అక్కడ నోటి మాటని రాసుకోవాలి, చెప్పేవాళ్లుండగానే.

ఎవరింట్లో ఏముందో ముందు ఒక చీటీ రాసి ట్రంకులోనే పెట్టండి. వానాకాలం వచ్చేలోపు నేల మీది ట్రంకుల్ని ఎత్తు మీదికి మార్చండి. చదివి తెలుగు చేసి ఇస్తామని ఎవరైనా వచ్చి అడిగితే లేదనకండి. ఇచ్చేముందు మాత్రం ఎవరికి ఏ కాగితం ఇచ్చారో రాసుకోండి, మేమే వచ్చి అడిగినా సరే. రంజాన్‌కీ బక్రీద్‌కీ వెనక్కి అడిగి తీసుకోండి.